గులకరాయికి ఆగని చక్రం



మహాబలిపురంలో కమలి అనే చిన్నారి గౌను వేసుకుని, చెప్పులు కూడా లేకుండా స్కేట్‌బోర్డు మీద వాలులోకి జారుతున్న ఫోటో ఒకటి కొన్నేళ్ళ కింద ప్రపంచమంతా తిరిగింది. ఆ అమ్మాయి మీద తీసిన చిన్న డాక్యుమెంటరీ బాఫ్టా అవార్డుకు నామినేట్ కూడా అయింది. ఆ ఫోటో మా అక్క కూతురి కంట పడింది. "మామయ్యా, నాక్కూడా కావాలి" అంది. ఆరో పుట్టినరోజు దగ్గరికొచ్చింది. మేనమామను, కాదనలేకపోయాను.

ఒక బొమ్మల దుకాణానికి వెళ్ళాం. గులాబిరంగు బోర్డు, దాని మీద రెక్కల గుర్రం, అదే రంగు హెల్మెట్, మోకాళ్ళకు మెత్తటి తొడుగులు, అన్నీ కలిపి ఒకే సంచీలో పెట్టి ఉన్నాయి. పది నిమిషాల్లో కొనేశాం. మర్నాడు సాయంత్రం అపార్ట్‌మెంటు ముందున్న సిమెంటు బాట మీద పిల్ల నాలుగు గజాలు పోయిందో లేదో, ముందు చక్రానికి శనగగింజంత రాయి అడ్డం పడింది. బోర్డు అక్కడికక్కడే నిలిచిపోయింది. పిల్ల నిలవలేదు. రెండు చేతులూ చాచి బోర్లా పడింది. ఎడమ మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. మూడు వారాలు కట్టుతో ఉంది.

మా అక్క నన్ను ఒక్క మాట అనలేదు. పిల్ల మాత్రం కట్టు మీద బొమ్మలు వేసుకుంటూ "కట్టు విప్పాక మళ్ళీ నేర్చుకుంటా" అంటూనే ఉంది. ఆ మూడు వారాల్లో నేను ఆ బోర్డును మర మరా విప్పి చూశాను. తెలిసినవాళ్ళను అడిగాను, దొరికిందల్లా చదివాను. రెండోసారి కొన్నప్పుడు ఏం చూసి కొన్నానో ఈరోజు మీకు చెబుతాను. మీ ఇంట్లోనూ ఎవరో ఒక చిన్నవాడో చిన్నదో ఇదే అడుగుతూ ఉండవచ్చు.

అన్నిటికంటే ముందు వయసు సంగతి. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం చెప్పేదేమిటంటే, అయిదేళ్ళలోపు పిల్లలను స్కేట్‌బోర్డు ఎక్కించవద్దు, ఆరు నుంచి పదేళ్ళ మధ్య పిల్లలు ఎక్కితే పెద్దవాళ్ళు దగ్గరే ఉండాలి. దీనికి కారణం భయం కాదు, పిల్లల ఒంటి తీరు. చిన్నపిల్లల్లో ఒంటితో పోలిస్తే తల పెద్దది, అందుకని బరువంతా పైన ఉంటుంది. తూలినప్పుడు సర్దుకునే వేగం ఇంకా రాదు. ఎదురుగా వస్తున్న స్కూటర్ ఎంత వేగంతో వస్తోందో అంచనా కట్టలేరు. మూడేళ్ళ పిల్లాడికి ముద్దుగా ఉంటుందని కొనేవాళ్ళకు నేను చేతులు జోడించి చెప్పేది ఒకటే. ఇంకో మూడేళ్ళు ఆగండి.

ఇక బోర్డు. కొట్టులో మన కన్ను ముందు బొమ్మ మీద పడుతుంది. బోర్డు తిరగేసి పట్టుకుని, చక్రాల దగ్గర మొదలుపెట్టండి.

స్కేట్‌బోర్డు 1950లలో కాలిఫోర్నియాలో పుట్టింది. సముద్రంలో అలలు లేని రోజున సర్ఫింగ్ చేసే కుర్రాళ్ళు పలకకు రోలర్ స్కేట్ చక్రాలు బిగించి రోడ్ల మీద తిరిగేవాళ్ళు. అప్పటి చక్రాలు ఇనుపవి, తర్వాత మట్టిని గట్టిపరచి చేసినవి. చిన్న గులకరాయి తగిలితే చాలు, బోర్డు ఆగేది, మనిషి ఎగిరి పడేవాడు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే యువకుడు వర్జీనియాలోని ఒక ఫ్యాక్టరీలో యూరిథేన్‌తో చేసిన చక్రాలు చూశాడు. అవి రోలర్ స్కేట్ల కోసం చేసినవి. వాటిని స్కేట్‌బోర్డుకు బిగించి చూస్తే నేలను పట్టుకుని, చిన్న రాళ్ళ మీదుగా మెత్తగా దాటిపోయాయి. వాటినే కాడిలాక్ వీల్స్ అన్న పేరుతో అమ్మాడు. ఈ ఆట బతికి బట్టకట్టింది ఆ చక్రం వల్లే అంటే అతిశయోక్తి కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను కొన్న గులాబిరంగు బోర్డుకున్నవి గట్టి ప్లాస్టిక్ చక్రాలు. అంటే మా పిల్లకు నేను కొనిచ్చింది యాభై ఏళ్ళ కిందటి ప్రమాదాన్ని. బొమ్మల కొట్లలో దొరికే చవక బోర్డుల్లో చాలావాటికి ఇవే ఉంటాయి. పోల్చుకోవడం కష్టం కాదు. బొటనవేలి గోటితో చక్రాన్ని గట్టిగా నొక్కండి. యూరిథేన్ అయితే కాస్త లొంగి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. ప్లాస్టిక్ అయితే గోరే నొప్పి పెడుతుంది. నేల మీద చిన్నగా తట్టినా తెలుస్తుంది, ప్లాస్టిక్ టకటకమంటుంది.

మంచి చక్రం మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి మిల్లీమీటర్లలో వ్యాసం. రెండోది పక్కన ఎ అక్షరంతో గట్టితనం. 99 ఎ అని ఉంటే రాయిలా గట్టిది, నున్నటి స్కేట్ పార్కుల్లో విన్యాసాలు చేసేవాళ్ళకు. మన సిమెంటు బాటలకు, గరుకు రోడ్లకు 78 నుంచి 87 మధ్య ఉన్నది కావాలి. వ్యాసం 52 నుంచి 56 దాకా ఉంటే మొదటి బోర్డుకు సరిపోతుంది. మరీ పెద్ద చక్రమైతే బోర్డు ఒక పక్కకు వాలినప్పుడు పలకకు రాసుకుని టక్కున ఆగిపోతుంది. అందుకే కొట్టులోనే బోర్డును నేల మీద పెట్టి, ఒక అంచు మీద కాలితో బాగా నొక్కి, చక్రం పలకకు తగులుతోందేమో వంగి చూడండి.

చక్రాల్లోపల బేరింగులు ఉంటాయి, చక్రానికి రెండు చొప్పున ఎనిమిది. వాటి మీద అబెక్ 5, అబెక్ 7, అబెక్ 9 అంటూ అంకె పెరిగేకొద్దీ ధర పెంచుతారు. ఆరేళ్ళ పిల్లకు ఆ అంకెతో పనే లేదు. బేరింగు ఎక్కువ తిరిగితే బోర్డు ఎక్కువ పోతుంది, మొదటి నెలలో మనకు కావలసింది అది కాదు. ఆ డబ్బు హెల్మెట్ మీద పెట్టండి.

చక్రాలను పట్టుకుని ఉండే లోహపు భాగాన్ని ట్రక్ అంటారు. అది అల్యూమినియంతో చేసినదై ఉండాలి. ప్లాస్టిక్‌దైతే ఆ బోర్డును అక్కడే వదిలేయండి. ట్రక్ మధ్యలో ఒక పెద్ద బోల్టు, దాని చుట్టూ రబ్బరులాంటి దిమ్మలు రెండు ఉంటాయి. బోర్డు మలుపు తిరిగేది ఆ దిమ్మలు నలగడం వల్లే. చాలా బోర్డుల్లో ఆ దిమ్మలు పెద్దవాళ్ళ బరువును బట్టి పెట్టినవి. ఇరవై కిలోల పిల్ల ఎంత ఒరిగినా అవి నలగవు, బోర్డు తిరగదు. పిల్ల ఒరుగుతుంది, బోర్డు తిన్నగా పోతుంది, పిల్ల పక్కకు పడుతుంది. దానికి ఉపాయం ఉంది. మొదటి పదిరోజులు బోల్టు బిగించే ఉంచండి, నిలబడటం నేర్చుకునేటప్పుడు ఊగకుండా ఉంటుంది. ఆ తర్వాత స్పానరుతో పావుచుట్టు చొప్పున వదులు చేస్తూ పొండి. మెత్తటి దిమ్మలు విడిగా కూడా దొరుకుతాయి.

పలక విషయంలో ఒక పొరపాటు చాలామంది చేస్తారు, నేనూ చేశాను. పిల్ల చిన్నది కాబట్టి బోర్డు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదనుకుంటాం. 22 అంగుళాల ప్లాస్టిక్ బోర్డులు, రంగురంగులవి, చూడ్డానికి పిల్లల వస్తువుల్లాగే ఉంటాయి. కానీ పొట్టి బోర్డు ఊగుతుంది, పాదాలు రెండూ దగ్గరగా పెట్టాల్సి వస్తుంది. కాళ్ళు భుజాలంత వెడల్పుగా పెట్టుకుంటేనే పిల్ల నిలబడగలదు. ఆరేడేళ్ళ పిల్లకు 28, 29 అంగుళాల పొడవు, 7 నుంచి 7.5 అంగుళాల వెడల్పు బాగుంటుంది. పాదం పలకకు అడ్డంగా పెట్టి చూడండి. వేళ్ళూ మడమా అంచుల దాకా రావాలి, బయటికి మరీ వేలాడకూడదు. పలక ఏడు పొరల మేపుల్ చెక్కదైతే ఏళ్ళ తరబడి ఉంటుంది. పైన ఉప్పుకాగితంలా గరుగ్గా ఉండే గ్రిప్ టేపు పలకంతా అతికి ఉండాలి, మధ్యలో నాలుగు ముక్కలు అంటించి వదిలేసినది కాదు.

బోర్డుకు ఇంతసేపు కేటాయించాను గానీ, రెండోసారి కొనడానికి వెళ్ళినప్పుడు మేం ముందు కొన్నది హెల్మెట్. హెల్మెట్ కుదిరాకే బోర్డు చూశాం.

స్కై బ్రౌన్ అనే అమ్మాయి పేరు మీరు విని ఉండవచ్చు. స్కేట్‌బోర్డింగ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి చేరిన టోక్యో పోటీల్లో, 2021లో, పదమూడేళ్ళకే బ్రిటన్‌కు కాంస్యం తెచ్చింది. అదే పోటీల్లో స్ట్రీట్ విభాగంలో బంగారు పతకం గెలిచిన జపాన్ అమ్మాయి మోమిజి నిషియా వయసూ పదమూడే. స్కై బ్రౌన్ అంతకు ముందు ఏడాది అమెరికాలో సాధన చేస్తూ ర్యాంపు మీద నుంచి పడింది. పుర్రె ఎముక చిట్లింది, ఎడమ మణికట్టూ చెయ్యీ విరిగాయి. హెల్మెట్టూ ఆ చెయ్యీ కలిసి బిడ్డ ప్రాణం కాపాడాయని తండ్రి చెప్పారు. అంత నేర్పున్న పిల్ల సంగతే అది.

మన ఇళ్ళల్లో సైకిల్ హెల్మెట్ ఉంటుంది, బండి మీద పెట్టుకునే హెల్మెట్ కూడా ఉంటుంది. బండి హెల్మెట్ పిల్ల మెడకు బరువు, చెవులు మూసేస్తుంది, వెనక వచ్చేవాళ్ళ మాట వినపడదు. సైకిల్ హెల్మెట్‌లో నురుగు దిమ్మ ఒక్క పెద్ద దెబ్బను కాచుకుని నలిగిపోయేలా చేసింది. స్కేట్ హెల్మెట్ గుండ్రంగా, తల వెనక కాస్త కిందికంటా దిగి ఉంటుంది. ఆ వెనక భాగమే ముఖ్యం. నేర్చుకునే పిల్లలు పడేది ఎక్కువగా వెనక్కే. భయపడి వెనక్కి వాలతారు, బోర్డు కాళ్ళ కిందనుంచి ముందుకు దూసుకుపోతుంది, పిల్ల నేల మీద కూర్చుని అలాగే వెల్లకిలా పోతుంది.

చూడ్డానికి స్కేట్ హెల్మెట్‌లా ఉండి లోపల కుర్చీ దిండులాంటి మెత్తటి స్పాంజి తప్ప ఏమీ లేనివి బజార్లో ఉన్నాయి. నా మొదటి సంచీలో వచ్చింది అదే. లోపల అంటించిన చీటీ చదవండి. ఇ.ఎన్. 1078 అని ఉంటే ఐరోపా ప్రమాణం, సైకిల్‌కూ స్కేట్‌బోర్డుకూ వర్తిస్తుంది. అమెరికా నుంచి వచ్చినవాటి మీద ఎ.ఎస్.టి.ఎం. ఎఫ్ 1492 అని ఉంటే స్కేట్‌బోర్డుకు పరీక్షించినది, సి.పి.ఎస్.సి. అని ఉంటే సైకిల్‌కు. రెండూ ఉంటే ఇంకేం కావాలి. అమెరికాలో ఉన్న మీ బంధువులు సెలవులకు వస్తూ తెస్తామంటే ఈ రెండు పేర్లూ రాసి పంపండి.

కొలత కోసం దర్జీ టేపు తీసుకుని, కనుబొమల పైన ఒక అంగుళం ఎత్తున తల చుట్టూ కొలవండి. పెరుగుతుంది కదా అని ఒక సైజు పెద్దది కొనకండి. చొక్కా విషయంలో ఆ లెక్క చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. పెట్టాక హెల్మెట్ అంచుకూ కనుబొమలకూ మధ్య రెండు వేళ్ళు పట్టాలి, అంతకంటే ఎక్కువ నుదురు కనపడకూడదు. పట్టీలు చెవి చుట్టూ వి ఆకారంలో రావాలి. గడ్డం కింద ఒక్క వేలు దూరాలి. ఇప్పుడు పట్టీ తీసి, పిల్లను తల అటూ ఇటూ ఊపమనండి. హెల్మెట్ తలతోపాటు కదలాలి, తల మీద జారకూడదు. జడ పైకి కట్టి, పెద్ద క్లిప్పు పెట్టి హెల్మెట్ తగిలిస్తే అది సరిగ్గా కూర్చోదు. మా అక్క ఆ రోజుల్లో జడ మెడ దగ్గర కిందికి వేయడం మొదలుపెట్టింది.

తర్వాత మణికట్టు. మీరిప్పుడు కూర్చున్న చోటే తూలినట్టు ఊహించుకోండి. చేతులు వాటంతటవే ముందుకొస్తాయి. అరచెయ్యి నేలకు ఆని ఆగిపోతుంది, ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతుంది. మా పిల్లకు జరిగింది అదే. మణికట్టు గార్డుల్లో అరచేతి వైపు వంగిన ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. పడ్డప్పుడు అది నేల మీద జారుతుంది, దెబ్బ ఒక్క చోటే దిగదు. సంచీల్లో వచ్చే సెట్లలో ఇవి చాలాసార్లు ఉండనే ఉండవు, లేదంటే గుడ్డ తొడుగులే ఉంటాయి. మొదటి ఏడాదిలో మోచేతి ప్యాడ్ల కంటే ఇవే ఎక్కువ పనికొచ్చాయని నా అనుభవం.

మోకాలి ప్యాడ్లకు పైన గట్టి ప్లాస్టిక్ చిప్ప ఉండాలి. గుడ్డ ప్యాడు సిమెంటును పట్టుకుని ఆగిపోతుంది, చిప్ప జారుతుంది. పిల్ల చేత పది గుంజిళ్ళు తీయించండి, జారి కిందికి దిగిపోతే సైజు తప్పినట్టే. ఇంట్లో అన్నయ్యో అక్కో రోలర్ స్కేటింగ్ నేర్చుకుని ఉంటే వాళ్ళ మోకాలి, మోచేతి ప్యాడ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. వేసుకునేటప్పుడు మోకాళ్ళు, మోచేతులు, హెల్మెట్, చివర మణికట్టు గార్డులు. అవి ముందే వేసుకుంటే మిగతావి పెట్టుకోవడానికి వేళ్ళు వంగవు.

బూట్లు చదునైన అడుగున్నవి, ముందు మూసి ఉన్నవి. పరుగు బూట్ల అడుగు దళసరిగా ఉండి బోర్డు ఎటు వాలుతోందో పాదానికి తెలియనివ్వదు. లేసుల కొసలు లోపలికి దోపాలి. కమలి చెప్పులు లేకుండా ఆడింది కదా అని మా పిల్ల వాదించింది. ఆ అమ్మాయి సముద్రం ఒడ్డున చిన్నప్పటినుంచీ ఆడుతూ పెరిగిందని, తనకు ఇవి ఇంకా మొదటి రోజులని కూర్చోబెట్టి చెప్పాను. వినడానికి రెండు రోజులు పట్టింది.

అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే కమిషన్ ప్రకటించిన రెండు విషయాలు నేను మరిచిపోలేను. స్కేట్‌బోర్డు మీద దెబ్బతిన్నవాళ్ళలో మూడోవంతు మంది ఆట మొదలుపెట్టి వారం కూడా కానివాళ్ళు. పడి దెబ్బలు తగిలినవాటిలో సగానికి పైగా నేల బాగాలేకపోవడం వల్ల జరిగినవి. అంటే మనం కాచుకోవలసింది మొదటి వారాన్ని, చూసుకోవలసింది నేలను.

మా మొదటి వారం ఇలా గడిచింది. తొలి రెండు రోజులూ బోర్డును పార్కులో పచ్చిక మీద పెట్టాం. అక్కడ చక్రాలు తిరగవు. ఎక్కడం, దిగడం, మోకాళ్ళు వంచి నిలబడటం, అంతే. ఇంట్లో నున్నటి గచ్చు మీద మేజోళ్ళతో పరిగెత్తి జారమంటే పిల్ల ఎడమకాలు ముందు పెట్టింది. బోర్డు మీదా అదే కాలు ముందుండాలి, అది పుట్టుకతో వచ్చిన వాటం, మార్చకూడదు. మూడోరోజు పడటం నేర్పాను. పరుపు మీద ముందు, తర్వాత ప్యాడ్లు వేసి నేల మీద. తూలుతున్నట్టు అనిపించగానే కిందికి వంగడం, మోకాలి చిప్పల మీద జారడం, చేతులు బిర్రుగా చాచకుండా ముడుచుకుని భుజం మీదుగా దొర్లడం. ఆమెకు అది ఆటకంటే ఎక్కువ నచ్చింది. నాలుగోరోజు సిమెంటు నేల మీద, నేను ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టుకుని వెనక్కి నడిచాను. నా నడుము పట్టేసింది, అయినా ఆ వారం నేను ఒక్కరోజు కూడా ఫోన్ చేతిలోకి తీసుకోలేదు.

చోటు గురించి గట్టిగా చెప్పాలి. సెల్లార్‌లోకి దిగే ర్యాంపు పిల్లల్ని అయస్కాంతంలా లాగుతుంది. ఆ వాలులో బోర్డు పట్టుకునే వేగం పిల్ల ఆపుకోలేదు, కింద మలుపులో కారు వస్తుంది. ర్యాంపు వద్దే వద్దు. మురుగు మూతలు, టైల్స్ మధ్య సందులు, కడిగిన నేల, ఇవన్నీ చూడాలి. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే బడి బాస్కెట్‌బాల్ కోర్టు మాకు బాగా కుదిరింది. పొరక తీసుకెళ్ళి ముందు ఊడ్చేవాణ్ణి. హైదరాబాదులో ఇందిరాపార్కులో ఉన్నట్టు మీ ఊళ్ళో స్కేటింగ్ రింకు ఉంటే, స్కేట్‌బోర్డుకు ఏ వేళలో ఒప్పుకుంటారో అడిగి తెలుసుకోండి. వానలో మాత్రం బయటికి తీయకండి. పలక పొరలు విడిపోతాయి, బేరింగులు తుప్పు పడతాయి.

మధ్యప్రదేశ్‌లో పన్నా జిల్లా జన్వార్ అనే పల్లెలో 2015లో ఉల్‌రికే రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ స్కేట్ పార్కు కట్టించింది. అక్కడ రెండు నియమాలు. బడికి వెళ్ళని రోజు బోర్డు లేదు. ఆడపిల్లలకు ముందు చోటివ్వాలి. మా పిల్లకు ఈ సంగతి చెప్పినప్పుడు రెండో నియమం మన కోర్టులో కూడా పెట్టాలంది. అక్కడికొచ్చే మగపిల్లలు ఒప్పుకున్నారు కూడా.

ఇప్పుడు ఆమెకు ఎనిమిదేళ్ళు. మొన్న చలికాలంలో చిన్న వాలు దిగుతూ వెనక్కి వాలింది. బోర్డు ముందుకు పోయింది, తల వెనక భాగం నేలకు తగిలిన చప్పుడు నాకు ఇరవై అడుగుల దూరాన వినపడింది. లేచి కూర్చుంది, భయంతో ఏడ్చింది. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. వాంతులు, మత్తు, మాట తడబాటు ఉంటే వెంటనే రమ్మన్నారు. ఆ రాత్రి అక్కా నేనూ వంతులవారీగా మేలుకున్నాం. ఏమీ కాలేదు. తెల్లారి హెల్మెట్ చేతిలోకి తీసుకుని చూశాను. బయట చిన్న గీత తప్ప ఏమీ లేదు. లోపలి మెత్త తీసి చూస్తే నురుగు దిమ్మలో వెంట్రుకంత సన్నటి పగులు, వెనకనుంచి పక్కదాకా. "బాగానే ఉంది కదరా, కింద ఇంటి పిల్లాడికి ఇద్దామా" అంది అక్క. పగులు చూపించాను. కత్తెర తెచ్చి దాని పట్టీలు రెండూ తనే కత్తిరించింది, చెత్తలోంచి ఎవరైనా తీసి తమ బిడ్డకు పెడతారేమోనని.